రాజీ సంతకం న్యాయం కాదు

కుట్టుమిషన్ పోయిన మనిషిని కోర్టు అడిగేవి ముఖ్యంగా రెండు ప్రశ్నలు. ఈ మిషన్ మీదేనా? బోనులో ఉన్నతన్ని గుర్తుపడతారా? జవాబు చెప్పాక ఆమె పని అయిపోయినట్టే. మిషన్ లేని ఆ నెలల్లో ఇల్లెలా గడిచిందో, రాత్రిళ్లు లేచి గడియ ఎన్నిసార్లు చూసుకుందో ఎవరూ అడగరు. కేసు ప్రభుత్వానిది. రికార్డులో ఆమె పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి, అంతే.

2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినప్పుడు, ఇక దండన కాదు, న్యాయం అన్నారు. సమాజ సేవను శిక్షగా చేర్చడం నిజంగానే మంచి పని. 5 వేల రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి దోషి, సొమ్ము తిరిగిచ్చాడు, అలాంటప్పుడు జైలు లేదు, సమాజ సేవే. మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ సొమ్ము పోయిన మనిషిని ఒక మాట అడగమని ఆ సెక్షన్ చెప్పదు. దోషి ఏ ఆసుపత్రి ఆవరణో ఊడ్చి వెళ్లిపోతే ఆ సంగతి కూడా ఆమెకి తెలియకపోవచ్చు.

దీనికి మందు పునరుద్ధరణ న్యాయం, అంటే దోషినీ బాధితుల్నీ కూర్చోబెట్టి జరిగిన నష్టాన్ని సరిదిద్దించే పద్ధతి. ఆ మాట అనగానే, అది పెద్దమనుషుల పంచాయితీగా మారి బలహీనుల నోరు నొక్కుతుందంటారు. ఉత్తుత్తి భయం కాదిది. గృహహింస, లైంగిక నేరాలు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్ని దీనికి దూరంగానే ఉంచాలి.

అయితే ఇప్పుడు నోరు నొక్కుతున్నది, ముద్దాయితో సర్దుకుని కేసు వదిలేసుకునే రాజీయే! "ఎందుకమ్మా వాయిదాలకి తిరగడం, సంతకం పెట్టెయ్" అంటారు కోర్టు వరండాలో. పెట్టిందా, ముద్దాయి చట్టం దృష్టిలో నిర్దోషి. తప్పు చేశానని ఒక్క మాట అనక్కర్లేదు. పునరుద్ధరణ న్యాయం మొదలయ్యేదే తప్పు ఒప్పుకోవడంతో. బాధితురాలు ఇష్టపడితేనే ఎదురెదురుగా కూర్చోబెడతారు, శిక్షణ ఉన్న మధ్యవర్తి పక్కన ఉంటాడు. న్యూజిలాండ్‌లో అర్హమైన కేసుల్లో శిక్ష వేసే ముందు కోర్టు కాస్త ఆగి, ఇలా కూర్చోబెట్టే వీలుందేమో కనుక్కోవాలని 2014 నుంచి చట్టమే చెబుతోంది.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. దెబ్బ తగిలింది మనిషికైతే, తగిలింది ప్రభుత్వానికని మన చట్టం అనుకుంటుంది. బాధితులకు పరిహారం ఇప్పించాలా వద్దా అని ప్రతి కేసులోనూ ఆలోచించి తీరాలని 2013లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

ఆ కొత్త చట్టాల్లో ఒకటైన, సమాజ సేవను నిర్వచించిన నాగరిక్ సురక్షా సంహిత 23వ సెక్షన్‌లో ఒక్క వాక్యం చేర్చండి: శిక్ష ఖరారు చేసే ముందు బాధితుల్ని పిలిచి, ఏం కావాలో అడగాలి అని. ఆమె మిషన్ బాగుచేయించమనొచ్చు. లేదా అతని మొహంలోకి చూసి, మా ఇల్లే ఎందుకు దొరికిందని అడగొచ్చు.