జకోవిచ్‌కి తగ్గింది పట్టుదలా, కోలుకునే వేగమా?

నెల్లూరులోనో ఒంగోలులోనో సాయంత్రం టెన్నిస్ డబుల్స్ ముగించి బెంచీ మీద చెమట తుడుచుకునేవాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటే 2025లో తరచూ ఒకే మాట వినిపించేది: "జకోవిచ్ మనసు పెట్టి ఆడటం లేదు. ఇరవై నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు కొట్టాడు, ఇంకేం కావాలి?" వింబుల్డన్ సెంటర్ కోర్టు మ్యాచ్‌లు మనకు సాయంత్రం ఆరింటికి మొదలవుతాయి. కాబట్టి ఆ మాటకు సాక్ష్యం టీవీలో కళ్ళెదుటే ఉన్నట్టు అనిపిస్తుంది. 40-0తో వెనకబడ్డాక ఎదుటివాడి సర్వీసును వదిలేస్తున్నాడు. రెండో సెట్ పోయాక భుజాలు జారిపోతున్నాయి. చూసేవాడికి అది నిరాసక్తతే.

ఈ నిర్ధారణ మరీ తొందరపాటు. ఆ ఏడాది లెక్కే తీసుకుందాం. దోహాలో బెరెటినీ చేతిలో, ఇండియన్ వెల్స్‌లో వాన్ డి జాండ్‌షుల్ప్ చేతిలో, మోంటెకార్లోలో టబిలో చేతిలో, మాడ్రిడ్‌లో ఆర్నాల్డీ చేతిలో తన మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాడు. నాలుగూ నాలుగు నెలల లోపే. అదే మనిషి అదే ఏడాది టెన్నిస్‌లో అతిపెద్ద టోర్నీలైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ (మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్, పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్, లండన్‌లో వింబుల్డన్, న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్) సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. ఆసక్తి చచ్చిపోయిన 38 ఏళ్ళవాడు మెల్‌బోర్న్ నుంచి న్యూయార్క్ దాకా నాలుగుసార్లు చివరి నలుగురిలో నిలబడడు. అలాగని కోరిక పూర్తిగా పాతికేళ్ళ వయసునాటిదే అయితే మాడ్రిడ్‌లో అంత తేలిగ్గా లొంగిపోడు. కోరిక ఉంది, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో లెక్కగా ఎంచుకుంటున్నాడు. గ్రాండ్‌స్లామ్‌లే తనకు ముఖ్యమని దాచుకోకుండా చెబుతూనే ఉన్నాడు.

ఆ నాలుగు సెమీస్‌లో ఎలా ఓడాడన్నదే అసలు విషయం. ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్‌లో అల్కరాస్‌ను ఓడించాడు, కానీ ఆ మ్యాచ్‌లోనే ఎడమ కాలి కండరం దెబ్బతింది. సెమీస్‌లో జ్వెరెవ్‌పై మొదటి సెట్ టైబ్రేక్‌లో (6-6 దగ్గర సెట్‌ను తేల్చే గేమ్) పోగానే తప్పుకున్నాడు. ఫ్రెంచ్ ఓపెన్‌లో సినర్ 6-4, 7-5, 7-6తో గెలిచాడు. వింబుల్డన్ క్వార్టర్స్‌లో కొబోలీపై గెలుపు ముంగిట పచ్చికపై జారి గట్టిగా పడ్డాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో సినర్ 6-3, 6-3, 6-4. యూఎస్ ఓపెన్‌లో అల్కరాస్ 6-4, 7-6, 6-2. ఆ చివరి స్కోరును నిదానంగా చూడండి. రెండో సెట్ టైబ్రేక్ దాకా సమానంగా సాగింది, మూడోది కూలిపోయింది. రెండో సెట్ తర్వాత ఒంట్లో శక్తి అయిపోయిందని మ్యాచ్ అయ్యాక తనే చెప్పాడు. సినర్, అల్కరాస్ ఇద్దరినీ రెండు సెట్లు గెలిస్తే చాలే మూడు సెట్ల ఆటలో ఓడించే వీలు ఎక్కువనీ, గ్రాండ్‌స్లామ్‌లలోలా మూడు సెట్లు గెలవాల్సిన అయిదు సెట్ల ఆటలో కష్టమనీ కూడా అన్నాడు. 2024, 2025 సంవత్సరాల్లో జరిగిన ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లనూ ఆ ఇద్దరే నాలుగేసి చొప్పున పంచుకున్నారు. ఒకడు 2001లో, ఒకడు 2003లో పుట్టినవాడు.

గ్రాండ్‌స్లామ్‌లో మ్యాచ్ ఒక రోజు, విశ్రాంతి ఒక రోజు. మళ్ళీ మ్యాచ్ మూడో రోజు. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగడం, పక్కకు జారి మళ్ళీ తోసుకుని లేవడం వంటి పనుల్లో తొడ, పిక్క కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి. వాటిలో కలిగే సూక్ష్మమైన చిరుగుల నొప్పి ఆ రాత్రి పెద్దగా తెలియదు. 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అంటే తర్వాతి మ్యాచ్‌కు కోర్టులో దిగే 48వ గంట సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. ఇరవై రెండేళ్ళవాడికీ నొప్పి ఉంటుంది, కానీ ఆటకు అడ్డం రానంత. ముప్పై అయిదు దాటాక వేగంగా సంకోచించే కండర పోగులు తగ్గుతాయి, స్నాయువుల్లో సాగే గుణం మారుతుంది, పాత గాయాలు తమ వాటా అడుగుతాయి. జకోవిచ్ కుడి మోకాలి మెనిస్కస్‌కు (కీలులో దిండులా ఉండే మృదులాస్థి) 2024 జూన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఒక్క రోజు అతని ఆట ఇప్పటికీ ఎవరికీ తీసిపోదు. ఆ ఏడాది ఆగస్టులోనే పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో అల్కరాస్‌ను 7-6, 7-6తో ఓడించి స్వర్ణం తెచ్చుకున్నాడు. కానీ ఒలింపిక్స్ సింగిల్స్ ఫైనల్ మూడు సెట్ల ఆట.

2025 నవంబరులో ఏథెన్స్ ఫైనల్ చూసినవాళ్ళకు దీని రెండో వైపు కూడా కనిపించి ఉండాలి. ముసెట్టీపై మొదటి సెట్ పోగొట్టుకుని తర్వాతి రెండూ గెలిచి తన 101వ టైటిల్ అందుకున్నాడు. వెంటనే భుజం నొప్పితో, ఏడాది చివర ఎనిమిది మంది మేటి ఆటగాళ్ళు ఆడే ఏటీపీ ఫైనల్స్ నుంచి తప్పుకున్నాడు.

వయసు మొదట దెబ్బతీసేది సర్వీసును కాదు. సర్వీసు తన చేతిలోని పని. పాయింట్ల మధ్య 25 సెకన్లు ఉంటాయి, బంతి తనే ఎగరేస్తాడు, తనకు ఇష్టమైనప్పుడే కొడతాడు. ముందు పోయేది రిటర్న్, అంటే ఎదుటివాడి సర్వీసును తిప్పికొట్టడం. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసు 78 అడుగుల కోర్టు దాటి రాకెట్‌కు తగలడానికి అర సెకనుకు కాస్త పైన పడుతుంది. ఎదుటివాడి రాకెట్ బంతిని తాకే క్షణానికి రిటర్న్ చేసేవాడు చిన్న గంతు వేసి రెండు పాదాల మీద వాలాలి. దాన్నే స్ప్లిట్ స్టెప్ అంటారు. అది వందో వంతు సెకన్లలో ఆలస్యమైనా మొదటి అడుగు ఆలస్యమే. మొదటి అడుగు ఆలస్యమైతే బంతి శరీరానికి ముందు కాక పక్కన తగులుతుంది, లోతుగా పడాల్సిన రిటర్న్ సర్వీసు గీత దగ్గరే పడుతుంది. జకోవిచ్ సామ్రాజ్యమంతా రిటర్న్ మీద కట్టింది. సర్వీసు మాత్రం, 2019 నుంచి 2024 దాకా ఇవనిసెవిచ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో మెరుగుపడింది. అందుకే ఇప్పుడు తన సర్వీసు గేమ్‌లు త్వరగా ముగించడం, నెట్ దాటగానే పడే డ్రాప్ షాట్లు పెంచడం, వీలైతే నెట్ దగ్గరికి వెళ్ళడం చేస్తున్నాడు. 40-0 దగ్గర ఎదుటివాడి గేమ్ వదిలేయడం కూడా ఇదే కోవలోది. సెట్‌కు ఒక్క బ్రేక్, అంటే ఎదుటివాడి సర్వీసు గేమ్ ఒక్కటి గెలవడం, చాలు. అన్ని రిటర్న్ గేమ్‌లలోనూ ఒళ్ళు హూనం చేసుకుంటే నాలుగో సెట్‌కు మిగిలేది ఏమీ ఉండదు. బెంచీ మీది విమర్శకులు చేతులెత్తేయడం అనుకునేది చాలాసార్లు పొదుపు.

అయినా అతన్ని పూర్తిగా వెనకేసుకు రాలేం. ఒంటిని కాపాడుకోవాలని తక్కువ టోర్నీలు ఆడతాడు. తక్కువ ఆడటంతో మ్యాచ్ లయ పోతుంది. లయ లేక గ్రాండ్‌స్లామ్ మొదటి వారంలో గెలవాల్సిన సెట్లు పోతాయి. ఆ సెట్ల వల్ల మ్యాచ్‌లు సాగి, రెండో వారానికి ఒళ్ళు అరిగిపోతుంది. 2025లో వింబుల్డన్‌కూ యూఎస్ ఓపెన్‌కూ మధ్య ఒక్క టోర్నీ కూడా ఆడలేదు. న్యూయార్క్‌లో స్వైదాకు ఒక సెట్, నోరీకి ఒక సెట్ ఇచ్చి గెలిచాడు. క్వార్టర్స్‌లో ఫ్రిట్జ్‌తోనూ నాలుగు సెట్లు పట్టింది. అదే ఫ్రెంచ్ ఓపెన్‌కు ముందు జెనీవాలో చిన్న టోర్నీ ఆడాడు, అక్కడే హుర్కాజ్‌పై నూరో టైటిల్ వచ్చింది, పారిస్‌లో అడుగులు కుదురుగా పడ్డాయి. తక్కువ ఆడటం తెలివైన పనే. పెద్ద పోటీకి ముందు అసలేమీ ఆడకపోవడం మాత్రం నష్టం తెచ్చింది.

పట్టుదల పోవడం అంటే నిజంగా ఎలా ఉంటుందో సంప్రాస్‌ను చూస్తే తెలుస్తుంది. 2000 వింబుల్డన్‌తో 13వ గ్రాండ్‌స్లామ్ గెలిచాక రెండేళ్ళు ఒక్క టైటిల్ లేదు. యూఎస్ ఓపెన్ ఫైనల్స్‌లో 2000లో సఫిన్, 2001లో హ్యూయిట్ వరుస సెట్లలో ఓడించారు. 2002 వింబుల్డన్ రెండో రౌండ్‌లో 145వ ర్యాంకు బాస్టిల్ చేతిలో, అదీ సెంటర్ కోర్టులో కాకుండా రెండో నంబరు కోర్టులో ఓడిపోయాడు. రెండు నెలల తర్వాత 17వ సీడ్‌గా న్యూయార్క్ వెళ్తే మూడో రౌండ్‌లో అతనితో అయిదు సెట్లు ఆడి ఓడిన రుసెడ్‌స్కీ, సంప్రాస్ అడుగున్నర నెమ్మదించాడని తేల్చేశాడు. (ఓడినవాడి విశ్లేషణకు ఎప్పుడూ విలువ ఉంటుంది, కానీ అది అన్నిసార్లూ ఫలితాన్ని మార్చదు.) ఆ సంప్రాసే ఫైనల్లో అగస్సీని 6-3, 6-4, 5-7, 6-4తో ఓడించి కప్పు ఎత్తాడు. తర్వాత టూర్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫామ్ మిగిలే ఉంది. పోయింది సాధన మీద కోరిక.

విజేతల్లో కోరిక రెండు రకాలు. ఫైనల్ రోజు గెలవాలన్నది ఒకటి, అది దాదాపు ఎవరిలోనూ చావదు. టోర్నీకి ఆరు వారాల ముందు ఎవరూ చూడని ఉదయం మూడు గంటలు సాధన చేయాలన్నది ఇంకొకటి. అదే ముందు పోతుంది. బోర్గ్ 26 ఏళ్ళకే ఆట మానేసిన వార్త 1983 జనవరిలో వచ్చినప్పుడు అతని మోకాళ్ళకు ఏమీ కాలేదు. 1981లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ ఫైనల్స్ రెండూ మెకన్రో చేతిలో ఓడాక సాధన మీద మనసు లేకుండా పోయింది. వయసుకూ నిరాసక్తతకూ మనం వేసే ముడి అంత గట్టిది కాదు.

ఫెదరర్ దారి వేరు. 2013 వింబుల్డన్ రెండో రౌండ్‌లో స్టఖోవ్‌స్కీ చేతిలో ఓడాక అతను చేసిన పని రాకెట్ మార్చడం. 90 చదరపు అంగుళాల తలను వదిలి 2014లో 97కు వెళ్ళాడు. వయసుతో బంతిని అందుకోవడం రెండు మూడు సెంటీమీటర్లు ఆలస్యమైతే చిన్న రాకెట్‌లో బంతి చట్రం అంచుకు తగిలి ఎగిరిపోతుంది, పెద్దదాంట్లో తీగల మధ్యే పడుతుంది. 2016లో మోకాలి శస్త్రచికిత్స తర్వాత సీజన్ రెండో సగం మొత్తం విశ్రాంతి తీసుకున్నాడు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో నాదల్‌తో అయిదో సెట్‌లో 1-3తో వెనకబడి 6-3తో గెలిచాడు. అప్పుడు వయసు 35. బ్యాక్‌హ్యాండ్‌ను స్లైస్‌తో (బంతి కింద కోసినట్టు నెమ్మదిగా కొట్టడం) తప్పించుకోకుండా ముందుకు వచ్చి కొట్టగలిగాడంటే కొత్త రాకెట్, ఆరు నెలల విశ్రాంతి రెండూ పనిచేశాయి. చివరికి 2021 వింబుల్డన్ క్వార్టర్స్‌లో హుర్కాజ్ మూడో సెట్‌ను 6-0తో ముగించాడు. ఆ సున్నాకు కారణం మోకాలు.

ఒంగోలు పరిసరాల బండలాగుడు పోటీల్లో ఎడ్లకు పళ్ళను బట్టి విభాగాలుంటాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు... ఆ పైన సీనియర్లు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క, కానీ వయసు కలవని జతల మధ్య ఆ లెక్క వేయరు. టెన్నిస్ పెద్ద టూర్‌లో ఈ ఏర్పాటు లేదు. అయిదేళ్ళకొక విభాగంతో మాస్టర్స్ పోటీలు ఉన్నా వాటికి టీవీ రాదు. సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన అతిపెద్ద వయస్కుడు, ఓపెన్ యుగంలో, ఇప్పటికీ 1972లో 37 ఏళ్ళకు ఆస్ట్రేలియన్ ఓపెన్ నెగ్గిన రోజ్‌వాల్. డబుల్స్‌లో మాత్రం వెసులుబాటు ఉంది. సగం కోర్టే కాయాలి, పరుగు తక్కువ. మోకాళ్ళలో మృదులాస్థి అరిగిపోయిన రోహన్ బోపన్న అయ్యంగార్ యోగాతో కాళ్ళు నిలబెట్టుకుని 2024లో 43 ఏళ్ళ వయసులో ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు, డబుల్స్ నంబర్ వన్ అయ్యాడు.

మన ఊళ్ళ కోర్టుల్లో నలభై అయిదు దాటినవాళ్ళు "ఇంట్రస్ట్ పోయింది" అంటూ మానేయడం వెనక కూడా చాలాసార్లు ఇదే మూడో రోజు నొప్పి ఉంటుంది. వరసగా అయిదు రోజులు సిమెంటు కోర్టులో సింగిల్స్ ఆడితే మోకాలు ఒప్పుకోదు. రోజు విడిచి రోజు ఆడి, మధ్య రోజున మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం పదిహేనేసి సార్లు మూడు విడతలు చేస్తే పిక్క గట్టిపడుతుంది. మట్టి కోర్టు దొరికితే అదే మేలు.

ఫామ్ పోయిందనుకునే చాలామందికి పోయింది రాకెట్ తీగల బిగువు. పాలియెస్టర్ తీగ తెగే దాకా వాడతారు. అది పదిహేను ఇరవై గంటల ఆటకే ప్రాణం కోల్పోతుంది, బంతి లోతుగా పోదు, మోచేయి నొప్పి మొదలవుతుంది. సన్నని పోగులెన్నో కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ తీగను 50-52 పౌండ్ల బిగువుతో వేయించి, వారానికి ఎన్నిసార్లు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు మార్పిస్తే చేయి బాగుపడుతుంది. మే నెలలో కారు డిక్కీలో రాకెట్ వదిలేస్తే ఏ తీగైనా సడలిపోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు గంటకు లీటరుకు పైగా చెమట పోతుంది. ఉత్త నీళ్ళే తాగితే మూడో సెట్‌లో పిక్క పట్టేసే ప్రమాదం పెరుగుతుంది. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి కోర్టులో వైపులు మారే ప్రతి ఎండ్ ఛేంజ్‌కూ నాలుగైదు గుక్కలు తాగాలి. రక్తపోటు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

జకోవిచ్ ఈసారి గ్రాండ్‌స్లామ్‌లో దిగినప్పుడు అతని ముఖం చూసి పట్టుదల కొలవకండి. మొదటి నాలుగు మ్యాచ్‌లకు మొత్తం ఎన్ని గంటలు పట్టాయో కూడండి. అంతకుముందు నెలలో ఒక్క చిన్న టోర్నీ అయినా ఆడాడా లేదా చూడండి. క్వార్టర్స్‌లో ఎదుటివాడి రెండో సర్వీసుకు కోర్టు వెనక గీత (బేస్‌లైన్) లోపలికి వచ్చి రిటర్న్ చేస్తున్నాడో, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతున్నాడో గమనించండి. గీత వెనక నుంచి డ్రాప్ షాట్లు మొదటి సెట్‌లోనే మొదలైతే కాళ్ళు అప్పటికే బరువెక్కాయని అర్థం, సెమీస్ స్కోరు దాదాపు ఊహించవచ్చు. గంటలు తక్కువై, రిటర్న్ గీత లోపలి నుంచే సాగుతుంటే మాత్రం సినర్ అయినా అల్కరాస్ అయినా నాలుగో సెట్ దాకా చెమటోడ్చాల్సిందే.