మామగారి చేతిలో రెండో గేర్ రాడ్

మొన్న శుక్రవారం తెల్లవారుజామున అలిపిరి తనిఖీ కేంద్రం ముందున్న వరుసలో నా కారు ముందుకు కదులుతూనే, తాను వెనక్కి వస్తున్నానని నలుగురికీ వినబడేలా ప్రకటించింది. ఈ సంగతిని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికే బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పి నవ్వుకుంటున్నారు కనుక, నా వాంగ్మూలం కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

అది ఏపీ 03 నంబరున్న పాత ఆటోమేటిక్ బండి. దానిలో 11 ఏళ్లపాటు నా ఎడమకాలు అత్తవారింట్లో కొత్త అల్లుడిలా ఏ పనీ లేకుండా కూర్చుంది. గత వేసవిలో గేరు బాక్సు జారడం మొదలైంది. ఇంజను గొంతు చించుకుంటున్నా చక్రాలకు ఆ కబురు అందేది కాదు. దాన్ని విప్పి బాగు చేయడానికి కంపెనీ షెడ్డులో 1,40,000 రూపాయలు అడిగారు. బండిని అమ్మకానికి పెడితే అంత వస్తుందన్న నమ్మకం నాకు లేదు. "ఆటోమేటిక్ కొండ దిగేటప్పుడు పట్టదు అల్లుడూ, గేరుండాల" అని మామగారు బండి కొన్ననాటి నుంచి అంటూనే ఉన్నారు. ఆటోమేటిక్ బండికీ ‘2’, ‘ఎల్’ అనే స్థానాలు ఉంటాయనీ, వాలులో వాటిలో పెడితే ఇంజనే బండిని నిలువరిస్తుందనీ నేనూ అన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఒకరి మాట ఒకరం వినకుండానే కాలం గడిచింది.

కరకంబాడి రోడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. ఏ పనికైనా ‘కుదరదు’ అనే మాట అతని నోట రాదు. అతనితో ఉన్న చిక్కల్లా అదేనని నాకు తర్వాత తెలిసింది. "దీన్ని బాగు చేసేదెందుకు సామీ, ఏకంగా మాన్యువల్ చేసి పారేద్దాం. పుదుప్పేటలో బాక్సు దొరుకుతాది. అరవై వేలల్లో ముగించేస్తా" అన్నాడు. మూడో రోజుకు చెన్నై నుంచి గోనెసంచుల్లో సామాను దిగింది. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకూ గేరు బాక్సుకూ నడుమ టార్క్ కన్వర్టర్ అనే నూనె నిండిన గుమ్మడికాయ ఒకటి ఉంటుంది. దాన్నీ, దాన్ని పట్టి ఉంచే పలుచని రేకునూ తీసివేసి, ఆ చోట బరువైన ఫ్లైవీల్, దాని మీద క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు అమర్చాలి. రెండు పెడళ్లున్న చోట మూడు రావాలి, డ్రైవ్ షాఫ్టులు మారాలి, క్లచ్ కేబులు దూరడానికి ఇంజను వెనక గోడకు రంధ్రం పెట్టాలి. ఇవన్నీ అతడు 12 రోజుల్లో చేశాడు, నిజం చెప్పాలంటే బాగానే చేశాడు.

పదమూడో రోజు తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. ఆటోమేటిక్ బండికి ఒక పట్టుదల ఉంటుంది: గేర్ రాడ్ బండిని నిలిపి ఉంచే ‘పీ’లో గాని, ఏ గేరూ పట్టని ‘ఎన్’లో గాని ఉందని గేరు బాక్సు మీది స్విచ్ సాక్ష్యం చెబితే తప్ప స్టార్టరు మోటారుకు కరెంటు పోనివ్వదు. గేరులో ఉన్న బండి స్టార్టయి ఎదుటి మనిషి మీదికి ఉరకకుండా చేసిన ఏర్పాటు అది. పాత బాక్సు పోవడంతో సాక్షి కూడా పోయాడు. ఆ తీగలేవో గుర్తించి, క్లచ్ పెడలు దగ్గర ఒక స్విచ్ పెట్టి, క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా కలపడం దీనికి తెలిసిన వైద్యం. మా మెకానిక్ తీగల జోలికి పోయే మనిషి కాడు. పైగా తాళం చెవి కూడా రాడ్ ‘పీ’లో ఉంటేనే బయటికి వస్తుంది. అందుచేత అతడు పాత బాక్సు మీది స్విచ్‌ను ఊడదీసి బ్యాటరీ పక్కన ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాడు. పాత గేర్ రాడ్‌ను దాని కేబులుతో సహా పెకలించి, ముందుసీట్లో ఎడమవైపు కూర్చునేవారి మోకాళ్ల నడుమ, గ్లవ్ బాక్సు కింద నాలుగు బోల్టులతో బిగించాడు. ఆ రాడ్‌ను కదిపితే కేబులు కదులుతుంది, కేబులు కదిలితే స్విచ్ తిరుగుతుంది, స్విచ్ తిరిగితే ఎప్పుడో పాత ఇనుముకు పోయిన గేరు బాక్సు ఇంకా బతికే ఉందని బండి నమ్ముతుంది. "స్టార్ట్ చేసేటప్పుడు పీలో పెట్టండి, తాళం తీసేటప్పుడు పీలో పెట్టండి, మిగతాప్పుడు దాని ఊసే మర్చిపోండి సామీ" అన్నాడు.

వెనక్కి వెళ్లేటప్పుడు వెలిగే లైటుకు కొత్త బాక్సులో వేరే స్విచ్ ఉంది గాని, దాని ప్లగ్గు మా బండి తీగకు కుదరలేదట. కాబట్టి నేను నిజంగా వెనక్కి వెళితే ఆ లైటు వెలగదు. ఎడమవైపు మోకాళ్ల నడుమ రాడ్ ‘ఆర్’లోకి, అంటే రివర్సులోకి, వెళితే వెలుగుతుంది. లైటుతో పాటు, బండి వెనక్కి వస్తోంది తప్పుకోండి అని హిందీలో హెచ్చరించే ఆడగొంతు ఒకటి కూడా పలుకుతుంది. అది నాకు బండి అమ్మినాయన ముచ్చటపడి పెట్టించుకున్నది. ఆర్సీలో మోడలు పేరు చివర ఆటోమేటిక్ అని తెలిపే ‘ఏటీ’ ఉంది కదా, దాని మాటేమిటని అడిగితే, డిక్కీ మీది స్టిక్కరును తానే గోకి తీసేశాననీ, ఇంక దిగులు లేదనీ మెకానిక్ చెప్పాడు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ అని ఒకటుందనీ, ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి తేడా పడేలా బండిని మార్చరాదని అది అంటుందనీ నేను వివరిస్తూ ఉండగా, అతడు స్పానర్లు సర్దుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం మా చిన్నవాడికి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. ముందుసీటు మామగారిది, ఆ విషయంలో మా ఇంట్లో చర్చ ఉండదు. వెనక మా ఆవిడ, అత్తగారు, పిల్లవాడు, పులిహోర డబ్బా. కపిలతీర్థం దాటేదాకా నేను మూడో గేరులో పోతూ ఉండగా మీటరులో మాత్రం ‘పీ’ అనే అక్షరమే వెలుగుతూ ఉంది. దాని పక్కన ఇంజను హెచ్చరిక దీపం 12 రోజులుగా అఖండ దీపంలా వెలుగుతూ ఉంది. మీటరు లెక్క ప్రకారం మేము ఇంకా మా ఇంటి ముందే ఉన్నాము.

అలిపిరి దగ్గర వరుస ఆగుతూ కదులుతూ సాగుతోంది. 11 ఏళ్ల తర్వాత పనిలో చేరిన నా ఎడమకాలు క్లచ్‌ను వదిలిన ప్రతిసారీ బండి ఎక్కిళ్లు పెట్టినట్టు అదురుతోంది. మోకాళ్ల నొప్పులున్న మామగారికి ఆ అదురుకు ఏదైనా ఊత కావలసి వచ్చింది. చేతికి సరిగ్గా అందే ఎత్తులో, నున్నటి పిడితో, చేతికర్ర తలలాంటిది ఒకటి ఆయన మోకాళ్ల నడుమనే ఉంది. ఆయన దాన్ని పట్టుకుని తన వైపుకు లాక్కున్నారు.

ఆ గొంతును గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. రైల్వే స్టేషనులో బండి మూడు గంటలు ఆలస్యమని చెప్పే గొంతులో ఎంత తియ్యదనం, ఎంత నిర్దయ ఉంటాయో దీనిలోనూ అంతే ఉన్నాయి. మా ముందున్న మినీ బస్సులో తమిళ యాత్రికులు ఉన్నారు. వారు దాన్ని పట్టించుకోలేదు. అటూ ఇటూ ఉన్న మన తెలుగువాళ్లు, ఏ హెచ్చరికనైనా వినే తీరులోనే, విని ఊరుకున్నారు. సరిగ్గా నా వెనక కారులో మాత్రం ఉత్తరాది కుటుంబం ఒకటి ఉంది. ఆ మొత్తం వరుసలో హిందీ అర్థమైనవారు వారే, అర్థం చేసుకుని మన్నించినవారూ వారే. నా తెల్లలైటు చూసి, ఆ గొంతు విని, ఆ డ్రైవరు గభాలున వెనక్కి తీశాడు. అతని వెనక జీపువాడు అరిచాడు. వాడి వెనక హారన్లు, ఆపైన ఈలలు. ఆ గోలలో వరుస కదిలింది కనుక నేను ఒక గజం ముందుకు వెళ్లాను.

"మామా, ఆ రాడ్డు వదలండి."

"దీన్ని వదిలితే నేను దేన్ని పట్టుకునేది?"

న్యాయమైన ప్రశ్నే గాని, దానికి జవాబు వెతుకుతూ ఆయన వైపు తిరిగినప్పుడు నా కాలు క్లచ్ మీది నుంచి జారి ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగినా గొంతు ఆగలేదు. "పైకి తొయ్యండి మామా, ‘పీ’లోకి" అన్నాను. ఇనప బీరువా తలుపు మూసినట్టు ఆయన దాన్ని రెండు చేతులా తోశారు. గొంతు ఆగింది, మీటరులో ‘పీ’ వెలిగింది, నేను తాళం తిప్పాను. అసలైన గేర్ రాడ్ ఒకటో గేరులోనే ఉండిపోయిందని ఆ తొందరలో నాకు గుర్తు లేదు. బండి గేరులో ఉండగా స్టార్టు కాకూడదని ఎవరో పెద్దలు ఆలోచించి పెట్టిన స్విచ్, అంతా క్షేమమేనని బ్యాటరీ పక్కన కట్టుబడి ఉన్నచోటి నుంచే అబద్ధపు సాక్ష్యం చెప్పింది. తాడు విప్పిన దూడలా బండి ఒక్క దూకు దూకి, మినీ బస్సుకు జానెడు దూరంలో బ్రేకు కింద ఆగింది. ఆ అదురుకు మామగారు రాడ్‌ను మళ్లీ తమ వైపుకు లాక్కున్నారు. ముందుకు ఎగిరిపడిన బండి, తాను వెనక్కి వస్తున్నానని మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. పులిహోర అత్తగారి ఒడిలో ఉంది. డబ్బా మాత్రం కింద ఉంది.

భద్రతా సిబ్బందిలో ఒకాయన వచ్చి అద్దం మీద తట్టాడు.

"ముందుకు పోతాండారా, వెనక్కి పోతాండారా?"

"ముందుకే."

"మరి అరస్తా ఉండే ఆమె ఎవురు?" అని వెనకసీటులోకి తొంగి చూశాడు.

"నేను కాదు" అంది మా ఆవిడ.

అతడు లోపలికి వంగి మొదట నా చేతి కింది రాడ్‌ను, తర్వాత మామగారి చేతిలోని రాడ్‌ను, ఆ తర్వాత నన్ను చూశాడు. వీటిలో గేరు ఏదని అడిగాడు. ఇది నడిపే గేరు, అది నమ్మించే గేరు అని చెప్పాను. అతడు మరొకాయనను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆ రాడ్‌ను ‘పీ’ నుంచి ‘ఆర్’కు, ‘ఆర్’ నుంచి ‘పీ’కి నాలుగుసార్లు కదిపి, ప్రతిసారీ ఆ గొంతు పలకడం చూసి, వాళ్ల ఉద్యోగంలో అరుదుగా దొరికే సంతోషం పొందారు. ఎలాగూ తనిఖీకి అందరూ సామానుతో దిగి నడవాలి కనుక మావాళ్లంతా దిగిపోయారు. నా చేయి ఆ రాడ్‌కు అందలేదు. చివరికి ఆ భద్రతా ఉద్యోగే మామగారి సీటులో కూర్చుని ‘పీ’లో పెట్టాడు, నేను తాళం తిప్పాను. అతడు దిగేముందు, "యో, ఎవురు చేసినారప్పా ఇది?" అని అడిగాడు. అడ్రసు ఇచ్చి ఉండవలసింది.

ఘాట్ రోడ్డు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నియమాన్ని నేను ఉల్లంఘించే ప్రమాదం ఆ రోజు ఏ దశలోనూ రాలేదు. పుట్టువెంట్రుకలు సవ్యంగా జరిగాయి. దిగేటప్పుడు రెండో గేరు చక్కగా పట్టింది. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి కనుక, పట్టింది చూశావా అని మామగారు ఆ 40 నిమిషాలూ అన్నారు.

ఇంటికి వచ్చి మెకానిక్‌కు ఫోను చేసి, నాకు తెలిసిన మాటలన్నీ వాడాను. అతడు ఓపికగా విన్నాడు. "మంగళవారం తీసుకోని రండి సామీ, చూస్తాం. వచ్చేటప్పుడు మీ మామగారిని కూడా తోడుకోని రండి, ఆయన దాన్ని ఎట్ల పట్టుకుంటా ఉండారో చూడాల" అన్నాడు.

మామగారు సరేనన్నారు, ముందుసీటు అయితేనే.