నొప్పి చెప్పలేనివారికి నిద్రమాత్రలా?

కిడ్నీ జబ్బు ప్రబలిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మోకాళ్లు పీకుతున్నాయంటే చాలు, మందుల షాపుల్లో కత్తెరతో స్ట్రిప్‌ను ముక్క చేసి, పేరు కనబడని రెండు మాత్రలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టేస్తున్నారు. చీటీ అడిగే నాథుడు లేడు. ఇలా ఇచ్చే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు రాస్తేనే అమ్మాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి 2023 డిసెంబరులో అట్టహాసంగా రిబ్బను కత్తిరించిన సర్కారీ యంత్రాంగానికి కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఆడుతున్న ఈ కత్తెర మాత్రం కనబడదు.

ఉద్దానం జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని తేలలేదంటారు. నిజమే. అయితే దెబ్బతిన్న కిడ్నీకి ఇవి మరింత చేటన్న దానిపై వైద్యంలో రెండో మాట లేదు. ఆసుపత్రి దూరం, పేదలకు మందుల షాపే దిక్కు అంటారు. అలాంటప్పుడు నిఘా ఉండాల్సింది అక్కడే కదా!

ఇదంతా నోరున్నవాళ్ల సంగతి. అల్జీమర్స్ ముదిరినవారి గతి ఇంతకన్నా అన్యాయం. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో (అల్జీమర్స్ వంటి మతి క్షీణించే జబ్బులతో) ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీళ్లకు నొప్పి లేక కాదు, చెప్పుకోలేరు. పక్కకు తిప్పబోతే కోడలి చెయ్యి విసిరికొట్టే ముసలమ్మకు తుంటి సలుపుతుండవచ్చు, పన్ను పుచ్చి ఉండవచ్చు, మూత్రం బిగబట్టి ఉండవచ్చు. ఇంట్లో దాన్ని చాదస్తం అంటారు. ఆర్‌ఎంపీ నిద్రకు ఇంజక్షన్ పొడుస్తాడు. కొడుకులు వలసపోయిన ఇళ్లలో అడిగేవాళ్లెవరు?

నార్వేలో 18 నర్సింగ్ హోముల్లోని 352 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వారిలో సుమారు సగం మందికి అంచెలంచెలుగా నొప్పికి మందిస్తే, ఇవ్వనివారితో పోలిస్తే ఎనిమిది వారాల్లో వారి అలజడి 17 శాతం తగ్గింది. అందులో చాలామందికి ఇచ్చింది మామూలు పారాసెటమాలే! ఊపిరి తీరు, మూలుగు, ముఖం చిట్లింపు, ఒళ్లు బిగింపు, ఓదార్చినా ఊరుకోకపోవడం... ఈ ఐదూ చూసి నొప్పికి పదికి మార్కులు వేసే పద్ధతి 2003 నుంచే ఉంది. స్కానింగులు అక్కర్లేదు, ఏఎన్‌ఎంలకు నేర్పవచ్చు. నొప్పి వైద్యాన్నీ అల్జీమర్స్‌నూ కలిపి చూసిన న్యూరాలజిస్టులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నదీ ఇదే.

ద్వంద్వనీతి ఇక్కడితో ఆగలేదు. నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేసే దేశం మనది. దాని నుంచి తీసే బలమైన నొప్పి మందు మార్ఫిన్ అనుమతులు సులువు చేస్తామంటూ 2014లో మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టాన్నీ సవరించారు. అయినా క్యాన్సర్ నొప్పితో పల్లెలో మెలికలు తిరిగే మనిషికి అది అందడం గగనమే. డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాల్సిన మందుకు సవాలక్ష తాళాలు, కిడ్నీలకు చేటుచేసే మాత్రకు తలుపులు బార్లా. దీన్ని మందుల నియంత్రణ అనడానికి నోరెలా వస్తుంది?

ఒకటో తారీఖున గుమ్మంలోకొచ్చి పింఛను ఇచ్చే సచివాలయ సిబ్బందికి లోపలి మంచం మీది మూలుగు వినబడదా? వినమని పైవారు చెబితే కదా! వృద్ధుల సంక్షేమం గురించి వేదికలెక్కి ఊదరగొట్టే నేతలు ఈ జిల్లాలో నొప్పి వైద్యం తెలిసిన డాక్టర్లు ఎందరో లెక్క బయటపెట్టాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు జీపు దిగి, లుంగీ కట్టుకుని సోంపేట బజారుకెళ్లి, చీటీ లేకుండా ఒక స్ట్రిప్ అడిగి చూడాలి. లేదంటారేమో చూద్దాం.