స్పృహ తప్పకపోతే కంకషన్ కాదట!

ఐస్ హాకీ ఆడే పిల్లల తల్లిదండ్రుల కోసమంటూ ‘కంకషన్: అయిదు నిజాలు’ అనే సందేశాన్ని మిత్రులు ఒకరి తరువాత ఒకరు నాకు పంపుతూనే ఉన్నారు. దెబ్బ కుదుపుకు మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడమే కంకషన్. పంపేముందు వారిలో ఎందరు చదివారన్నది నా అనుమానం.

మంచి హెల్మెట్ ఉంటే కంకషన్ రాదన్నది మొదటి ‘నిజం’. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ, లోపల మెదడు కుదుపుకు మెలితిరగడాన్ని ఆపలేదు. ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్తగా చేరేవారికి 1979లోనే హెల్మెట్ తప్పనిసరి చేశారు. అయినా తలను గురిచూసి పక్కనుంచి ఢీకొట్టడాన్ని నిషేధిస్తూ 2010లో వేరే నిబంధన తేవలసి వచ్చింది.

స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే ఏమీ కానట్లే అన్నది రెండోది. సీటీ స్కాన్ వెతికేది రక్తస్రావాన్ని, పగుళ్లను. కంకషన్ సాధారణంగా అందులో కనిపించదు. దీనికి ఇంత చాలు.

అసలు ప్రమాదం మూడోదానిలో ఉంది: ‘స్పృహ తప్పకపోతే అది కంకషన్ కాదు, పది నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ ఆడించవచ్చు.’ కంకషన్ అయినవారిలో అత్యధికులు స్పృహ తప్పరు. మైదానం చుట్టూ ఉండే బోర్డులకు గుద్దుకున్న పిల్లవాడు లేచి నిలబడతాడు, కానీ ఎదుటి జట్టు బెంచీ వైపు నడుస్తాడు, స్కోరెంతని అడిగితే తడుముకుంటాడు, దీపాల వెలుగుకు కళ్లు చిట్లిస్తాడు. కొందరిలో ఈ లక్షణాలు కొన్ని గంటల తరువాతగానీ బయటపడవు. ఎన్‌హెచ్‌ఎల్ తార సిడ్నీ క్రాస్బీకి 2011 జనవరి 1న తలకు దెబ్బ తగిలింది. ఆడుతూనే ఉన్నాడు, 5న మరొకటి తగిలింది, మళ్లీ ఆటలో కనిపించింది నవంబరు 21న. కొద్ది వారాలకే లక్షణాలు తిరగబెట్టి మరి కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు. పాపం, ఆయనకు ఆ పది నిమిషాల నీళ్లు ఎవరూ ఇవ్వలేదు కాబోలు! అనుమానం కలిగితే చాలు, ఆ రోజుకు ఆట ముగిసినట్లే. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తిరిగి ఆటకు రావడం మెట్లుమెట్లుగా జరగాలి: తేలికపాటి వ్యాయామం, ఒంటరిగా స్కేటింగ్, ఢీకొట్టుకోని సాధన, వైద్యుడి అనుమతి, పూర్తి సాధన, ఆ తరువాతే మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు పడుతుంది.

వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టాలన్న నాలుగోది కాలం చెల్లిన సలహా. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత నెమ్మదిగా నడిపించడమే మేలు.

పళ్లకు తొడుక్కునే మౌత్‌గార్డ్ కంకషన్‌ను తగ్గిస్తుందన్న అయిదోదాన్ని మాత్రం ఒప్పుకోక తప్పదు. ఆటల్లో కంకషన్‌పై 2022లో జరిగిన ఆమ్‌స్టర్‌డామ్ సమావేశం తరువాత వెలువడిన నిపుణుల ప్రకటన ప్రకారం ఐస్ హాకీలో అది వాడేవారిలో కంకషన్లు 28 శాతం తక్కువ. అయితే అదే ప్రకటన పిల్లల ఆటలో బాడీ చెకింగ్‌ను, అంటే ఎదుటి ఆటగాడిని ఒంటితో ఢీకొట్టడాన్ని, నిషేధిస్తే మ్యాచ్‌లలో కంకషన్లు 58 శాతం తగ్గుతాయని కూడా చెప్పింది. అమెరికాలో 2011లో, కెనడాలో 2013లో పదమూడేళ్ల లోపువారికి ఆ నిషేధం వచ్చింది. సందేశంలో దాని ఊసే లేదు. ఇకమీదట పంపదలచినవారు మౌత్‌గార్డ్ వాక్యాన్ని ఉంచి, మిగతా నాలుగూ కొట్టేసి, వాటి స్థానంలో ఈ బాడీ చెకింగ్ మాటను చేర్చి పంపండి.