కాకి లెక్కలకు కొత్త సాఫ్ట్‌వేర్

నాలుగు ఖండాల్లో గోదాములున్న ఒక ఎలక్ట్రానిక్స్ డిస్ట్రిబ్యూటర్ కంపెనీ తన స్టాకు లెక్కలు బాగుచేసుకోవాలని నడుం కట్టిందట. అడక్కపోయినా సలహా ఇవ్వడం నా ధర్మం. సమస్యంతా గోదాముతోనే. కంప్యూటర్‌లో సరుకు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఆ పాడు అరలే దాని మాట వినవు.

ఒక్క రీలు సంగతి చూడండి. టేపులో వరసగా పెట్టి చుట్టిన ఆవగింజంత రెసిస్టర్లు, రీలుకి 5,000. ఎవరికో అర్జెంటుగా 120 కావాలంటే కత్తెరతో టేపు కత్తిరించి ఇస్తారు. రీలు మీద పెన్నుతో 4,880 అని రాసి, పక్కనే ఒక ప్రశ్నార్థకం కూడా పెడతారు. (కంపెనీ మొత్తంలో నిజాయితీ ఉన్న గుర్తు అదొక్కటే అని నా నమ్మకం.) సిస్టమ్‌లో మాత్రం 5,000 చెక్కుచెదరవు. మర్నాడు ఇంకో దేశంలోని సేల్స్ ఆయన దాన్ని ఫుల్ రీలుగా అమ్మేస్తాడు.

చిప్పులు మరీ సుకుమారం. తేమ పడదు. తేమ విషయంలో లెవెల్ 3 అని ముద్ర ఉన్న చిప్పు, కవరు విప్పాక 168 గంటల్లోపు సర్క్యూట్ బోర్డెక్కాలి. లేదంటే ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టాలి. కవరు ఎప్పుడు విప్పారన్నది డాష్‌బోర్డులో ఉండదు. రంగుల గ్రాఫులకే చోటు చాలడం లేదు మరి.

ఇక ఫోర్‌కాస్ట్, అంటే ముందు ముందు గిరాకీ ఎంతుంటుందన్న అంచనా. 2021లో చిప్పుల కరువొస్తే, కావాల్సినదానికి రెండింతలు, అదీ ఇద్దరు ముగ్గురు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర బుక్ చేసుకున్నవాళ్లకు లెక్కలేదు. సాఫ్ట్‌వేర్ అదంతా నిజమైన గిరాకీ అనుకుని మురిసిపోయి, ఫ్యాక్టరీకి ఇంకాస్త పెద్ద ఆర్డరు పెడుతుంది. కరువు తీరాక సరుకు దిగుతుంది, కొనేవాడు కనబడడు. దీన్ని బుల్‌విప్ అంటారు, 1960ల నుంచే చదువుకున్నవాళ్లకు తెలుసు. తెలిసీ 2001లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో 200 కోట్ల డాలర్లకు పైగా స్టాకును నష్టం కింద రాసేసుకుంది. అంటే ఇది తప్పు కాదు, సంప్రదాయం. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందని పెద్దల ఆచారం వదులుకుంటామా?

కాబట్టి నా సిఫార్సు: స్టాకు లెక్కపెట్టడం వెంటనే ఆపేయాలి. లెక్కపెట్టినప్పుడల్లా తేడా వస్తోంది. మానేస్తే తేడానే రాదు.

రోజుకో అర చొప్పున లెక్కపెట్టి, తేడా ఎక్కడుంటే అక్కడే సరిచేసుకుందామని ఒక స్టోర్ కీపర్ అన్నాడట. స్లైడ్లు చేయడం రాని మనిషి, మీటింగులో ఎవరు పట్టించుకుంటారు? పైగా ఇంకో కోరిక కూడా కోరాడు. స్కానర్‌కి బ్యాటరీ కావాలట. పాతది చచ్చి నెలన్నరైంది, అప్పట్నుంచీ ఆయనకు పెన్నే దిక్కు.

రిక్వెస్టు పెట్టిన రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. కొత్త సిస్టమ్ స్పీడంటే అదీ! బ్యాటరీలు 12 స్టాకులో ఉన్నాయి, కొత్తవి కొనడం కుదరదు, అర నంబరు ఇదిగో అని.

జవాబు చదివేటప్పుడు ఆయన ఆ అర ముందే నిలబడి ఉన్నాడు.