ఆకాశంలో నా తుమ్ము

నీటిరంగుల ప్రదర్శనకి జడ్జిగా రమ్మంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అసలు రావాల్సిన పెద్దమనిషికి జ్వరం వచ్చిందని, అందుకే నా దాకా వచ్చారని అక్కడికి వెళ్ళాక తెలిసింది, అది వేరే సంగతి. ఆదివారాలు బొమ్మలేసుకునే వాడికి అంతకంటే గౌరవం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

ముగ్గురం జడ్జిలం. ఒక డ్రాయింగ్ మాస్టారు, 30 ఏళ్ళుగా నీటిరంగులు తప్ప ఇంకోటి ముట్టని ఒక మేడం, నేను. బొమ్మలు నలభై చిల్లర. అద్దం మీద లైటు పడితే రంగు సరిగ్గా కనపడదు, మేం చూసేదాకా ఫ్రేములు బిగించొద్దన్నారు మేడం. దాంతో కాగితాలన్నీ అలాగే బల్లల మీద పరిచారు. నా కొంప ముంచింది ఆ అద్దాలు లేకపోవడమే.

మొదట్లో నేను పెద్దగా నోరు విప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకి వంచి, "ఊఁ" అనడం. ఈ "ఊఁ" ఉంది చూశారూ, మెచ్చుకున్నట్టూ ఉంటుంది, పెదవి విరిచినట్టూ ఉంటుంది. మేడం మాత్రం అర నిమిషంలో ఒక్కో బొమ్మ జాతకం చెప్పేస్తున్నారు. ఇక్కడ తెల్లరంగు పూశాడు, కాగితాన్నే తెల్లగా వదిలేస్తే పోయేది. ఇది పలచటి కాగితం, తడికి వంకర్లు పోయింది, 300 జీఎస్‌ఎం దళసరి కాగితం వాడాల్సింది. ఇక్కడ రంగు మీద రంగు వేసీ వేసీ బురద చేశాడు. ఒక బొమ్మలో సగం ఆరిన రంగు మీద నీటి చుక్క పడి అంచులు విచ్చుకుని పాకింది, దాన్ని మావాళ్ళు కాలీఫ్లవర్ అంటారు. మాస్టారు దానికి నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసేశారు.

అలా 27వ నంబరు దగ్గరికొచ్చాను. ఒక సరస్సు, వెనక కొండలు, పైన సగం కాగితం నిండా ఆకాశం. పైన చిక్కటి అల్ట్రామెరీన్ నీలంతో మొదలై, ఎక్కడా చార అన్నది లేకుండా కొండల దాకా పల్చబడుతూ వచ్చిన వాష్, అంటే నీళ్ళు కలిపిన రంగు పూత. చెప్పడానికి తేలికే గానీ వేసినవాళ్ళకి తెలుసు, మధ్యలో ఒక్క క్షణం చెయ్యి ఆగిందా గీత పడిపోతుంది. ఆ నీలానికి ఇంకో అందం కూడా ఉంది, దాని రేణువులు కాగితం గరుకులో పేరుకుని సన్నటి ఇసక చల్లినట్టుంటాయి. ఆ ఇసక చూద్దామని కళ్ళజోడు తీసి, ముక్కు కాగితానికి జానెడు దూరంలో పెట్టాను.

తుమ్మొచ్చింది.

చెయ్యి అడ్డం పెట్టాను గానీ, అప్పటికే పడాల్సింది పడిపోయింది. ఆకాశం నడిమధ్యలో మూడు చుక్కలు. తుమ్మితే ఊడిపోయే ముక్కు అంటారు, ఇక్కడ ముక్కు బాగానే ఉంది, ఊడింది రంగు. ఈ రంగుల్ని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మ బంక. ఎప్పుడో ఆరిపోయినా సరే, నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. తుమ్మకీ తుమ్ముకీ ఈ చుట్టరికం ఉందని నాకప్పటిదాకా తోచలేదు.

గబగబా జేబురుమాలు తీసి అద్దాను. రుద్దకూడదని తెలుసు, అంతమాత్రం చదువుకున్నాను. రుమాలు ఎత్తి చూస్తే అక్కడ నీలం లేచిపోయి తెల్లటి మచ్చ. అదే థాలో బ్లూ అనే ఇంకో నీలం అయితే కాగితానికి కరుచుకుపోయేది, ఇంత లేచేది కాదు, నా ఖర్మ. ఒక్క మచ్చే ఉంటే మచ్చలా ఉంటుంది కదా, పక్కన ఇంకోటి అద్దాను. అప్పుడు రెండు మచ్చల్లా కనిపించాయి. మూడోది కాస్త పైకి అద్దేసరికి, దేవుడి దయవల్ల, మబ్బయింది. నా ఆదివారాలన్నీ కలిపి కూడా అంత మంచి మబ్బు నేనెప్పుడూ వేయలేదు.

మేడం వచ్చి నిలబడిపోయారు. "రంగు ఎంత ఒడుపుగా లేపిందో చూశారా!" అని పదికి తొమ్మిది వేశారు. నేను "ఊఁ" అన్నాను.

మాస్టారు మాత్రం చాలాసేపు చూశారు. "కొండల నీడ నీళ్ళలో ఉంది, చెట్ల నీడ ఉంది. ఇంత మబ్బుకి నీడేదీ?" అని రెండు మార్కులు తీసేశారు. గాలికి నీళ్ళు కదులుతున్నాయేమో మాస్టారూ అన్నాను. "మరి కొండ కదలదేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఒక్క మార్కు తేడాతో ఆ బొమ్మకి మొదటి బహుమతి పోయి రెండోది మిగిలింది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

సాయంత్రం రెండో బహుమతి నా చేతుల మీదుగానే ఇప్పించారు. వేసింది ఒక పెద్దావిడ. కప్పు తీసుకుని, గోడకి తగిలించిన తన బొమ్మ వైపు తిరిగి, కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూశారు.

"బాబూ, ఈ మబ్బెక్కడిది?"

నాకు చెమటలు పట్టాయి. తుడుచుకుందామని జేబులోంచి రుమాలు తీశాను. దాని మధ్యలో నీలంగా, గుండ్రంగా, మూడు మరకలు.

ఆవిడ రుమాలు చూశారు, మబ్బు చూశారు, మళ్ళీ రుమాలు చూశారు.

"మబ్బు బాగానే కుదిరింది గానీ బాబూ, వేసేవాడివి నీళ్ళలో కూడా ఒకటి వేయకపోయావా!"