బావగారి 90,000 కోట్ల న్యూటన్లు

మా మేనల్లుడు ఇంటర్ సెకండియర్. విద్యుదావేశాల మధ్య బలం ఎంతో చెప్పే కూలుంబ్ నియమం లెక్క ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. 4 మైక్రో కూలుంబ్, 1 మైక్రో కూలుంబ్ ధనావేశాలున్న రెండు చిన్న గోళాలు. మధ్య దూరం 20 సెంటీమీటర్లు. వికర్షణ బలం, అంటే ఒకదాన్నొకటి తోసుకునే బలం, ఎంత? వాడి మానాన వాణ్ణి వదిలేస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ రోజు బావగారికి సెలవు.

"ఇటివ్వరా, మా రోజుల్లో ఇవి నోటితో చేసేవాళ్లం" అంటూ ఫోన్లో కాలిక్యులేటర్ తీశారు.

సూత్రం సులువే. రెండు ఆవేశాలను గుణించి, 9×10⁹తో హెచ్చవేసి, మీటర్లలో దూరం ఎంతో దాని వర్గంతో భాగించాలి. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు కాబట్టి బావగారు వేలితో సున్నాలు లెక్కపెట్టుకుంటూ 0.000004ని 0.000001తో గుణించారు. ఫోన్ 4 వేసి, పక్కన ఇంగ్లీషు 'ఈ' అక్షరం, ఆ పక్కన మైనస్ 12 చూపించింది.

"ఈ అంటే ఎర్రర్. దీనికి మైక్రోలు పడట్లేదు" అని తేల్చేశారు. అది పది ఘాతం నాన్నా, 4×10⁻¹² అని వాడు చెప్పబోతే, "ఆగరా, టెన్షన్ పెట్టకు" అని మైక్రోలు రెండూ పీకేశారు. దూరాన్ని మాత్రం బుద్ధిగా 0.2 మీటర్లు చేశారు, వర్గం కూడా మర్చిపోలేదు. జవాబు 90,000 కోట్ల న్యూటన్లు. అంటే దాదాపు 9 కోట్ల టన్నుల బరువు. పుస్తకం వెనకాల జవాబు 0.9.

"చూశావా, తొమ్మిది వచ్చేసింది! తక్కినవన్నీ సున్నాలే."

"బ్యాంకులో కూడా ఇలాగే అంటున్నారా?" అని వంటింట్లోంచి అక్క. ఆయన క్యాషియర్ లెండి.

1785లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కూలుంబ్ సన్నటి తీగ ఎంత మెలి తిరిగిందో చూసి ఈ నియమాన్ని నిరూపించాడు. పక్కన మా బావగారు లేకపోబట్టి సరిపోయింది.

రెండు గోళాల మీదా బలం సమానమేనని మేనల్లుడు అంటే ఆయన ఒప్పుకోలేదు. "నాలుగున్నవాడికీ, ఒకటున్నవాడికీ ఒకటే తోపా? ఎక్కడి న్యాయంరా?"

0.9 న్యూటన్ అంటే 90 గ్రాముల చిల్లర బరువు అని, వాడు కూరల బుట్టలోంచి ఓ మోస్తరు టమాటా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బావగారు దాన్ని ఒకసారి ఎగరేసి పట్టుకుని, పుస్తకంలో అచ్చుతప్పని ఖాయం చేసుకుని, వాడి ఫోన్ లాక్కుని లెక్చరర్‌కి కలిపారు. స్పీకర్ ఆన్. హలో కూడా అనకుండా 90,000 కోట్లు ఎలా వచ్చాయో ఏకధాటిగా వివరించారు.

అటునుంచి పెద్ద నిట్టూర్పు.

"ఏ సెక్షన్ బాబూ నువ్వు? రేపొకసారి మీ నాన్నగార్ని తీసుకురా."